పెళ్లికూతురి చేతికి ఏ మెహందీ?

పెళ్లి తేదీ కుదరగానే హాలు, వంటవాళ్లు, ఫోటోగ్రాఫరుతో పాటు ఈ రోజుల్లో మెహందీ పెట్టే అమ్మాయిని కూడా మాట్లాడుకుంటున్నారు. అరచేతి మధ్య చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. మన అమ్మమ్మలకు అంతే. ఇప్పుడు మోచేతుల దాకా లతలు, నెమళ్లు. ఆల్బమ్ చూసి డిజైను ఎంచుకుంటాం, బేరమాడి అడ్వాన్సు ఇస్తాం. కోనులో ఏం కలిపారని మాత్రం అడగం. అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.

గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం సహజంగానే ఉంటుంది. అది చర్మం పైపొరకు అంటుకొని పండుతుంది. ముద్ద తీసిన వెంటనే నారింజ రంగు, ఒకటి రెండు రోజులకు ముదురు ఎరుపు లేదా గోధుమ రంగు. పెరట్లో కోసి రోట్లో నూరినా, రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వచ్చే పొడి కలిపినా ఇదే తీరు. నల్లగా పండే గోరింటాకు చెట్టు ఎక్కడా లేదు.

మరి గంటలో నల్లగా పండే 'బ్లాక్ మెహందీ' సంగతేమిటి? జుట్టుకు వేసుకునే నల్లరంగులోని పారాఫినైలిన్ డయామిన్ (పి.పి.డి.) అనే రసాయనాన్ని చాలాసార్లు ఇందులో కలుపుతారు. అది పడనివారికి విపరీతమైన దురద, వాపు, సరిగ్గా డిజైను గీసిన చోటే నీటి పొక్కులు వస్తాయి. మొదటిసారి వాడినవారికి ఇవి వారం, రెండు వారాల తర్వాత కనిపించవచ్చు. ఒంటికి ఇదివరకే పడకపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లోనే వస్తాయి, అంటే సరిగ్గా పెళ్లి పందిట్లో ఉన్నప్పుడు. పొక్కులు మానినా మచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం పోదు. ఇరవై ఏళ్ల తర్వాత తెల్ల వెంట్రుకలకు రంగు వేసుకున్న రోజున ముఖం, కళ్లు ఉబ్బిపోయి ఆస్పత్రికి పరుగెత్తాల్సి రావచ్చు.

అందుచేత మెహందీ పెట్టే ఆమెతో మొహమాటం లేకుండా మాట్లాడండి. "కోను మీరే కలుపుతారా అమ్మా, ఏమేం వేస్తారు?" అని అడగండి. పొడి, నీళ్లు లేదా నిమ్మరసం, పంచదార, కొంచెం నీలగిరి తైలం అని చెబితే మంచిదే. పెట్రోలు, థిన్నర్ వాసన వస్తే వద్దనండి. పది నిమిషాల్లో పండుతుందన్నా, నల్లగా వస్తుందన్నా వద్దనండి. తాజా ముద్ద బయట ఉంచితే కొద్ది రోజుల్లోనే బలం తగ్గుతుంది. నెలల తరబడి దుకాణంలో వేలాడి కూడా చక్కగా పండే కోనును నేనైతే నమ్మను. పెళ్లికి రెండు వారాల ముందే అదే కోనుతో మోచేతి లోపలివైపు చిన్న చుక్క పెట్టించి చూసుకోండి. నల్ల మెహందీతో ఈ పరీక్ష కూడా చేయకండి, ఆ చుక్కతోనే అలర్జీ మొదలుకావచ్చు. ముహూర్తానికి రెండు రోజుల ముందు పెట్టించి, ఆరేడు గంటలు ఉంచుకుంటే పెళ్లినాటికి రంగు బాగా తేలుతుంది.

దురద మొదలైతే వెంటనే సబ్బునీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంటు ఏదో ఒకటి రాయకండి. ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా అది అత్యవసరం.

పెళ్లి సందడిలో చంటిపిల్లల చేతులకూ పెట్టేస్తుంటారు. జి-6-పి.డి. అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు అచ్చమైన గోరింటాకు కూడా ప్రమాదమే. ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు, రక్తహీనత రావచ్చు. ఆ లోపం ఉందో లేదో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కాబట్టి పసివాళ్లకు అసలు పెట్టకపోవడమే మేలు.

ఆపరేషనుకో కాన్పుకో చేరేవారు గోళ్లకు మాత్రం పెట్టుకోకండి. ఒంట్లో రక్తం, ఆక్సిజన్ తగ్గాయేమోనని నర్సమ్మ ముందుగా చూసేది గోళ్లనే. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు కూడా నల్లరంగు మీద సరిగా చూపించకపోవచ్చు. ఇప్పటికే పెట్టుకొని ఉంటే చేరేటప్పుడే ఆ సంగతి చెప్పండి, చెవి తమ్మెకు తగిలించి చూస్తారు.