కుక్కల వంశరక్షణ

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులన్నిటిలో కుక్కయే మొట్టమొదటిది. ఆవును, గొర్రెను, గుర్రమును పెంచుట నేర్వక పూర్వమే, వ్యవసాయమును ఎరుగక పూర్వమే, కుక్క అతని వెంట నడచినది. అది వేటలో తోడైనది, రాత్రివేళ కావలి కాచినది, మందలను మళ్ళించినది. వేలకొలది సంవత్సరముల ఈ సహవాసములో కుక్క తన స్వాతంత్ర్యమును చాలవరకు మానవునకు అప్పగించినది. అది ఏమి తినవలెనో, ఎచ్చట పరుండవలెనో, తుదకు దేనితో జతకూడవలెనో కూడ నేడు అనేక గృహములలో యజమానుని ఇష్టము మీదనే ఆధారపడియున్నది. అధికారము కలవానికి బాధ్యతయు కలదు. ఆ బాధ్యతలో పెక్కుమంది గమనింపని భాగ మొకటి ఉన్నది. దగ్గరి రక్తసంబంధము గల కుక్కలకు సంతానము కలుగకుండ చూచుటయే అది.

ఒకే ఈతలో పుట్టిన మగకూనను, ఆడకూనను ముచ్చటపడి ఇంటికి తెచ్చుకొనువారు కలరు. రెండును కలిసి ఆడుకొనుననియు, ఒకదానికొకటి తోడుగా నుండుననియు వారి తలంపు. తలంపు మంచిదే. కాని కూనలు చిరకాలము కూనలుగా ఉండవు. ఆడకుక్క సాధారణముగా ఆరు మొదలు పన్నెండు నెలల వయస్సులో మొదటిసారి ఎదకు వచ్చును. పెద్ద జాతులలో ఇది ఇంకను ఆలస్యము కావచ్చును. మగకుక్కయు ఇంచుమించు ఆ వయస్సుననే సంతానశక్తిని పొందును. ఇంటివారు వానిని ఇంకను పసికూనలుగానే భావించుచుండగా అవి జతకూడును. సుమారు 63 దినములకు ఇంటిలో క్రొత్త కూనలు పుట్టును. తల్లియు దాని కొడుకును, తండ్రియు దాని కూతురును ఒకే పెరటిలో పెరుగుచున్నచోట కూడ ఇట్లే జరుగుచుండును.

ఇందులో కుక్కల తప్పేమియు లేదు. కుక్కలకు వావివరుసలు తెలియవు. వాని పూర్వబంధువులైన తోడేళ్ళకు అడవిలో ఈ చిక్కు అంతగా రాదు. తోడేలు పిల్లలు ఎదిగిన పిమ్మట సాధారణముగా తల్లిదండ్రుల గుంపును విడిచి, దూరప్రదేశములకు పోయి, పరాయి జోడును వెదకికొనును. ఆ విధముగా తోబుట్టువులు తమంత తామే వేరగును. పెంపుడుకుక్కకు మానవుడు చుట్టును గోడ కట్టినాడు; మెడకు గొలుసు వేసినాడు. అది దూరము పోవు దారిని మూసినవాడు, ఆ దారి చేయుచుండిన పనిని తానే చేయవలసియున్నాడు.

దగ్గరి సంబంధము వలన కీడు ఎట్లు కలుగునో తెలిసికొనుటకు జీవకణములోనికి తొంగిచూడవలెను. కుక్క శరీరములోని ప్రతి కణమునందును 39 జతల క్రోమోజోములు ఉన్నవి. ప్రతి జతలో ఒకటి తల్లినుండియు, రెండవది తండ్రినుండియు వచ్చినవి. వీనియందు జన్యువులు ఉండును. రంగు, రూపు, ఎముకల నిర్మాణము, రక్తము గడ్డకట్టు శక్తి మొదలగువానికి కావలసిన ఆదేశములు ఆ జన్యువులలోనే ఉన్నవి. కావున ప్రతి కుక్కయందును ప్రతి ఆదేశమునకు సామాన్యముగా రెండేసి ప్రతులు ఉన్నవని చెప్పవచ్చును.

పూర్వము తాటియాకుల మీద గ్రంథములు వ్రాయుచుండిరి. ఒక ప్రతిని చూచి మరియొక ప్రతిని వ్రాయునపుడు లేఖకుని చేతిలో తప్పులు దొరలుచుండెను. వేరువేరు లేఖకులు వ్రాసిన రెండు ప్రతులు దగ్గర నున్నచో, ఒకదానిలోని తప్పును రెండవదాని సాయముతో గుర్తింపవచ్చును. ఏలయన, ఇద్దరును ఒకేచోట ఒకే తప్పు వ్రాయుట అరుదు. కాని ఆ రెండు ప్రతులును ఒకే తప్పుల ప్రతిని చూచి వ్రాసినవైనచో, రెండింటను తప్పు ఒకే పుటలో ఉండును. అప్పుడు సరియైన పాఠము ఎక్కడను దొరకదు.

జన్యువుల విషయమును అట్టిదే. ఆరోగ్యముగా కనబడు కుక్కయందు కూడ కొన్ని దోషయుక్తమైన జన్యువులు దాగియుండును. రెండవ ప్రతి మంచిదిగా ఉన్నంతవరకు అట్టి దోషములలో పెక్కింటివలన బాధ కలుగదు. ఇట్లు దాగియుండు లక్షణమును శాస్త్రజ్ఞులు అంతర్గత లక్షణమందురు. సంబంధము లేని రెండు కుక్కలు జతకూడినపుడు, ఒకదాని దోషము ఒకచోటను, రెండవదాని దోషము వేరొకచోటను ఉండుటయే ఎక్కువ. తోబుట్టువులు జతకూడినచో ఒకే పూర్వజుని దోషము రెండువైపులనుండి వచ్చి కూనయందు కలిసికొనవచ్చును. కావున రక్తసంబంధము క్రొత్త దోషమును పుట్టించుట లేదు, దాగియున్నదానిని బయటపెట్టుచున్నది.

దీనిని చిన్న లెక్కచేత చూపవచ్చును. ఒక తల్లికుక్కలో ఒక దోషజన్యువు దాగియున్నదని అనుకొందము. తండ్రిలో అది లేదు. దాని ప్రతి కూనకును ఆ జన్యువు సంక్రమించుటకు రెండింట ఒక పాలు అవకాశము కలదు. ఒక అన్నకును, చెల్లెలికిని రెండింటికిని సంక్రమించుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. అట్టి రెండును జతకూడినచో, పుట్టు ప్రతి కూనకును వ్యాధి కలుగుటకు మరల నాలుగింట ఒక పాలు అవకాశము. మొత్తము మీద పదునారింట ఒక పాలు. ఇది ఒక్క జన్యువు లెక్క మాత్రమే. అట్టి దోషములు ఒక కుక్కలో అనేకము ఉండవచ్చును గావున అపాయము ఆ మేరకు పెరుగును. ప్రత్యేకమైన వ్యాధి ఏదియు లేకున్నను, తరతరములుగా దగ్గరి సంబంధములే జరిగిన వంశములలో ఈతకు పుట్టు కూనల సంఖ్య తగ్గుట, కూనలు బలహీనముగా నుండుట, ఆయుర్దాయము క్షీణించుట మొదలగునవి కనబడుచున్నవి.

ఇట్టి కీడున్నను కొందరు బుద్ధిపూర్వకముగానే ఇట్టి సంబంధములను కల్పించుచు వచ్చిరి. ఒక మంచి జంతువు లక్షణములను సంతానములో స్థిరపరచుటకు ఇది దగ్గరి దారి. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండు దేశమున రాబర్టు బేక్‌వెల్ అను రైతు ఈ పద్ధతిచే గొర్రెలను, పశువులను అభివృద్ధి చేసి పేరుపొందెను. తరువాత కుక్కలను పెంచువారును ఆ మార్గమునే అనుసరించిరి. 1873లో లండనునందు కెన్నెల్ క్లబ్బు ఏర్పడెను. జాతికుక్కల వంశావళులను గ్రంథములలో వ్రాయసాగిరి. ఆ గ్రంథములలో పేరున్న కుక్కల సంతానము తప్ప ఇతరములు జాతిలోనికి రాకుండ తలుపులు మూసిరి. పోటీలలో బహుమతి పొందిన ఒక మగకుక్కకే వందలకొలది కూనలు పుట్టుట కలదు. దాని అందముతోపాటు దానియందు దాగిన దోషమును జాతియంతట వ్యాపించును.

దురదృష్టవశమున కూడ ఇట్టి స్థితి కలుగవచ్చును. నార్వే దేశపు ఉత్తరభాగమున వేరోయ్ అను చిన్న దీవి కలదు. సముద్రతీరపు కొండచరియలలో గూళ్ళు కట్టు పఫిన్ పక్షులను పట్టుటకు అచ్చటివారు లుండెహుండ్ అను కుక్కలను పెంచిరి. వీనికి ప్రతి పాదమునకును ఆరు వ్రేళ్ళుండుట విశేషము. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున డిస్టెంపర్ అను అంటువ్యాధి వచ్చి వీనిలో పెక్కింటిని హరించెను. 1963 నాటికి ఆరు కుక్కలు మాత్రమే మిగిలినవి. అందులో అయిదింటికి తల్లి ఒక్కటియే. వేరు దారి లేక వానినుండియే జాతిని నిలబెట్టిరి. నేడు వాని సంఖ్య పెరిగినది. కాని ఆహారసారమును శరీరము గ్రహింపజాలని ప్రేగుల వ్యాధి ఆ జాతిని పట్టి పీడించుచున్నది. ఒకే జాతిలోపల ఎంత వెదకినను పరాయి రక్తము దొరకదు. అందుచే ఇటీవల నార్వేలో బుహుండ్ మొదలగు ఇతర జాతులతో వీనిని జతపరచు ప్రయత్నము మొదలుపెట్టిరి.

తెల్లని ఒంటిపై నల్లని మచ్చలుండు డాల్మేషియన్ జాతి చరిత్ర మరియొక పాఠము నేర్పుచున్నది. ఈ జాతి కుక్కల మూత్రములో యూరిక్ ఆమ్లము అధికముగా ఉండును. అందువలన కొన్నింటికి, ముఖ్యముగా మగకుక్కలకు, మూత్రాశయములో రాళ్ళు ఏర్పడి, మూత్రము బంధించి, ప్రాణాపాయము కలుగును. దోషజన్యువు జాతియంతటను నిండియుండుటచే జాతిలోని ఏ కుక్కను తెచ్చినను ప్రయోజనము లేకపోయెను. 1973లో రాబర్టు షైబిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక డాల్మేషియనును పాయింటరు జాతి కుక్కతో ఒక్కమారు జతపరచెను. పిమ్మట ప్రతి తరములోను మంచి జన్యువు గల కూనను ఎన్నుకొని మరల డాల్మేషియన్లతోనే జతపరచుచు వచ్చిరి. పాయింటరు రక్తము మొదటి తరములో సగము, రెండవ తరములో పాతిక. పదవ తరమున అది వేయింట ఒక పాలు కూడ కాదు. మచ్చలు నిలిచినవి, రోగము తొలగినది. అయినను ఈ కుక్కలను శుద్ధజాతివని అంగీకరించుటకు అమెరికాలోని కెన్నెల్ క్లబ్బువారు చాలకాలము సంశయించి, తుదకు 2011లో అంగీకరించిరి. కంటికి ఇంపైన శుద్ధత కంటె ఆరోగ్యమే మేలని తెలిసికొనుటకు అంతకాలము పట్టినది.

ఈ జ్ఞానము ఇప్పుడు నియమముల రూపమును దాల్చుచున్నది. బ్రిటనులో తల్లీకొడుకులకు, తండ్రీకూతుళ్ళకు, తోబుట్టువులకు పుట్టిన కూనలను నమోదు చేయుటను కెన్నెల్ క్లబ్బువారు 2009లో నిలిపివేసిరి. భారతదేశమున విక్రయమునకై కుక్కలను పెంచువారు ప్రభుత్వము వారి రాష్ట్ర జంతుసంక్షేమ మండలి వద్ద నమోదు చేసికొనవలెనని 2017లో నిబంధనలు వెలువడెను. అయితే నిబంధనలు ప్రతి ఇంటి పెరటిలోనికి రాజాలవు. అచ్చట జాగ్రత్తయే చట్టము.

ఆ జాగ్రత్త కష్టమైనది కాదు. ఒకే ఈత కూనలను రెండింటిని పెంచదలచినవారు అయిదారు నెలలు రాకమునుపే పశువైద్యుని సంప్రదింపవలెను. సంతానము అక్కరలేనివారు ఆయన సూచించిన వయస్సున సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించుట అన్నిటికంటె సులభమైన మార్గము. అట్లు చేయింపనిచో, ఆడకుక్క ఎదలో నుండు సుమారు మూడు వారములును రెండింటిని వేరువేరు గదులలో, తలుపులు వేసి, ఉంచవలెను. గొలుసునో, చిన్న కంచెనో నమ్మరాదు. సంతానము కావలెనని కోరువారు తొందరపడరాదు. రెండింటి తల్లిదండ్రులను, తాతముత్తాతలను విచారింపవలెను. వైద్యపరీక్షయు, వీలైనచో జన్యుపరీక్షయు చేయింపవలెను. పుట్టబోవు కూనలన్నిటికిని మంచి ఇండ్లు దొరకునా యని ముందుగానే ఆలోచింపవలెను.

ఒకవేళ అనుకోకుండ అన్నాచెల్లెళ్ళు జతకూడినచో భయపడి దాచుట వలన మేలు లేదు. వెంటనే పశువైద్యునికి తెలిపినచో ఏమి చేయవలెనో ఆయన చెప్పును. కూనలు పుట్టినను అవి అన్నియు రోగిష్ఠివే యగునని తలంపరాదు. వానిలో పెక్కు ఆరోగ్యముగా పెరుగవచ్చును. వానిని పరీక్ష చేయించి, ఇతర కూనలవలెనే ప్రేమతో పెంచవలెను. తీసికొనువారికి వాని పుట్టుక సంగతి దాచక చెప్పవలెను. వానికి మరల సంతానము కలుగకుండ చూచుట మంచిది. వీధిలో విడిచిపెట్టుట మాత్రము కూడదు. అట్లు విడిచిన కూనలు ఆకలికి, రోగములకు, వాహనములకు బలియగును.

ఈ సూత్రము కుక్కలకు మాత్రమే చెందినది కాదు. గొర్రెల మందలో పొట్టేలు తన కూతుళ్ళతోనే జతకూడకుండుటకై రెండేండ్లకొకమారు దానిని మార్చవలెనని పశువైద్యులు కాపరులకు చెప్పుచుందురు. మేకలకును, పశువులకును ఇదే న్యాయము. పొట్టేలును మార్చుకొన్న కాపరికి దాని ఫలము మరునాడు కనబడదు. మూడు నాలుగు ఈతలకు పిమ్మట బలమైన పిల్లల రూపమున కనబడును. కుక్కను పెంచువాని శ్రద్ధయు అట్టిదే. నోరులేని ప్రాణి తన తరువాతి తరముల మేలు కోరి మాటాడజాలదు. దాని పక్షమున ఆలోచింపవలసినవాడు దానిని పెంచువాడే.