ఫ్రీ డిగ్రీయా, ఐటీఐయా? గోదావరి జిల్లాల్లో అపోహలు – వాస్తవాలు

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టడం 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. ఆ పనికి కావాల్సిన ఇనుప సామానూ చెక్క సామానూ తయారుచేసే వర్క్‌షాపులు అక్కడే వెలిశాయి. మరుసటి ఏడాది, 1853లో, రాజమండ్రిలో ఓ సర్కారు బడి పెట్టారు. అదే పెరిగి పెద్దదై ఇవాళ్టి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ అయింది. కందుకూరి వీరేశలింగం, సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠాలు చెప్పిన చోటు అది. డెల్టాకి వర్క్‌షాపూ కాలేజీ ఇంచుమించు ఒకేసారి వచ్చాయన్నమాట. గౌరవం మాత్రం కాలేజీ ఒక్కదానికే దక్కింది.

ఆ తేడా ఇప్పటికీ పోలేదు. పరీక్షా ఫలితాలొచ్చే రోజుల్లో అమలాపురంలోనో తణుకులోనో ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాటలే వినపడతాయి: "ఇంజినీరింగులో మంచి సీటు రాకపోతే డిగ్రీలో పడేద్దాం లెండి, ఫీజెలాగూ గవర్నమెంటే కడుతుంది." "మావోడికి టెన్త్‌లో మార్కులు బాగానే వచ్చాయండి, ఐటీఐకి పంపే ఖర్మేంటండీ మాకు?" ఈ రెండు మాటల కింద ఎన్ని అపోహలున్నాయో ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

అపోహ: డిగ్రీ ఫ్రీయే కదా, చేరితే పోయేదేముంది?

ముందు ఫ్రీ సంగతి. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ, డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న పద్ధతి మార్చుకుంటూ వస్తోంది. ఓసారి కాలేజీకి, ఓసారి తల్లి ఖాతాకి, మళ్లీ కాలేజీకి. ఇది డిగ్రీకి మాత్రమే ఇచ్చే వరం కాదు. అర్హత ఉన్న కుటుంబాల పిల్లలకి పాలిటెక్నిక్‌కీ ఐటీఐకీ కూడా వర్తిస్తూ వచ్చింది. ప్రభుత్వ ఐటీఐలో అయితే ఫీజు మొదటినుంచీ నామమాత్రమే. కాబట్టి "ఫ్రీ" అన్న ఒక్క కారణంతో డిగ్రీ వైపు మొగ్గడంలో అర్థం లేదు. ఒక చిన్న విశేషం చెప్పాలి. 2020లో తెచ్చిన వసతి దీవెన పథకంలో హాస్టలు, భోజనం ఖర్చుకని ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, డిగ్రీ విద్యార్థికి 20,000 రూపాయలు పెట్టారు. ఐటీఐ కుర్రాడి ఆకలి డిగ్రీ కుర్రాడి ఆకలిలో సగమే ఉంటుందా? మన అరుగుల మీది లెక్కే జీవోలోకీ ఎక్కింది.

ఇక పోయేదేముందంటే, కాలం పోతుంది. పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు, మొత్తం ఐదేళ్లు. అదే పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ, ఆపైన ఏడాది అప్రెంటిస్‌షిప్ కలిపితే మూడేళ్లు. ఆ మూడో ఏడు 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండు కూడా వస్తుంది. పైగా రీయింబర్స్‌మెంటు బకాయి పడ్డప్పుడల్లా "ఫీజు కట్టి టీసీ పట్టుకెళ్లండి" అనే కాలేజీలకు కొదవ లేదు. ఫ్రీ అనుకున్న చదువుకి చివర్లో అప్పు చేసి సర్టిఫికెట్లు విడిపించుకున్న ఇళ్లు ఈ జిల్లాల్లో ఉన్నాయి.

అపోహ: ఐటీఐ అంటే టెన్త్ తప్పినవాళ్లకి.

ఈ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. వైర్‌మన్, వెల్డర్ లాంటి కొన్ని ట్రేడ్లకి ఎనిమిదో తరగతి పాసైతే చాలు. దాన్ని పట్టుకుని మొత్తం ఐటీఐకి ఆ ముద్ర వేసేశారు. ఫిట్టర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ అయితే లెక్కలూ సైన్సూ చదివి పదో తరగతి పాసై ఉండాల్సిందే. సీట్లు మార్కుల మెరిట్ మీద ఇస్తారు. పేరున్న ప్రభుత్వ ఐటీఐలో ఈ రెండు ట్రేడ్లూ ముందు నిండిపోతాయి.

లోపల ఏం నేర్పుతారో చాలామంది తల్లిదండ్రులు చూసి ఉండరు. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కుర్రాడి చేతికి మొదట వచ్చేది యంత్రం కాదు, ఆకురాయి. ఓ ఇనప ముక్కని వైస్‌లో బిగించి, హాక్సాతో కోసి, నాలుగు పక్కలా సమంగా, మూల మూలకీ సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చేదాకా రాకుతూనే ఉండాలి. వచ్చిందో లేదో చూడటానికి దానికి ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంటారు. సందులోంచి సన్నటి వెలుగు గీత కనిపించిందా, మళ్లీ రాకుడే. అరచేతులు బొబ్బలెక్కుతాయి. తర్వాత ఒక ముక్కలో గాడి, రెండో ముక్కలో నాలుక చేసి, ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా తయారుచేయాలి. వెర్నియర్‌తో కొలిస్తే మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా బయటపడిపోతుంది. బట్టీ పట్టి గట్టెక్కే చదువు కాదిది.

బయట దాని అవసరం ఎంతో భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఆక్వా రైతుల్నడగండి. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్ మోటారు ఆగిందంటే పంట మొత్తం గంటల్లో తేలిపోవచ్చు. పోయింది ఫ్యూజా, మూడు ఫేజుల్లో ఒకటా, బేరింగు పట్టేసిందా, వైండింగు కాలిందా అన్నది చీకట్లో, గట్టు మీద నిలబడి తేల్చగలిగినవాడు కావాలి. ఒక ఫేజు పోయిందని చూసుకోకుండా స్టార్టర్ మళ్లీ మళ్లీ నొక్కితే బాగున్న మోటారు కూడా మాడిపోతుంది. అది తెలిసినవాణ్ణి ఆ రాత్రి ఏ రైతూ "ఐటీఐవోడు" అని చులకన చేయడు. తెల్లారాక కొడుకుని మాత్రం డిగ్రీలో వేస్తాడనుకోండి, అది వేరే సంగతి.

అయితే ఐటీఐలన్నీ ఒక్కలాగే ఉంటాయనుకోవద్దు. పేరుకి వర్క్‌షాపు ఉండి, యంత్రాలు తనిఖీ రోజున తప్ప తిరగని చోట్లు ప్రైవేటులో లేకపోలేదు. గుర్తింపు కూడా సంస్థ మొత్తానికి ఒకేసారి ఇవ్వరు, ట్రేడ్ వారీగా ఇస్తారు. కాబట్టి "గుర్తింపు ఉందా" అని కాకుండా "ఈ ట్రేడ్‌కి డీజీటీ (కేంద్ర శిక్షణ డైరెక్టరేట్) గుర్తింపు ఉందా" అని అడగాలి. పిల్లలు పనిచేసే వేళకి వెళ్లి వర్క్‌షాపు చూసి రావాలి.

అపోహ: పెద్ద చదువుంటే చిన్న చదువు ఉద్యోగాలన్నిటికీ అర్హత ఉన్నట్టే.

నిరుద్యోగులని ఎక్కువగా దెబ్బతీసే అపోహ ఇదే. "బీఎస్సీ చదివాను, టెన్త్ ప్లస్ ఐటీఐ పోస్టుకి పనికిరానా?" పనికిరారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి పదో తరగతితో పాటు నిర్ణీత ట్రేడ్‌లో ఐటీఐ, లేదా నిర్ణీత బ్రాంచిలో ఇంజినీరింగ్ డిప్లొమా కానీ డిగ్రీ కానీ ఉండాలి. బీఏ, బీకాం, బీఎస్సీల్లో ఫస్ట్ క్లాసు వచ్చినా దరఖాస్తు నిలవదు.

2019లో గ్రామ సచివాలయాల నియామకాలు వచ్చినప్పుడు ఈ సంగతి ఊరూరా తెలిసొచ్చింది. ఒకే సచివాలయం, ఒకే వరండా, పక్కపక్క కుర్చీలు. పంచాయతీ కార్యదర్శికి ఏదో ఒక డిగ్రీ చాలు. ఇంజినీరింగ్ అసిస్టెంటుకి డిప్లొమా కానీ బీటెక్ కానీ కావాలి. ఫిషరీస్ అసిస్టెంటు పోస్టుకి ఫిషరీస్ డిప్లొమా, ఒకేషనల్ ఇంటర్‌లో ఫిషరీస్ లాంటి చదువులు అడిగారు. ఎనర్జీ అసిస్టెంటు, అంటే జూనియర్ లైన్‌మన్‌కి, ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడ్‌లో ఐటీఐ గానీ, ఎలక్ట్రికల్ ఒకేషనల్ ఇంటర్ గానీ ఉండాలి. పైగా ఆ పోస్టుకి కరెంటు స్తంభం ఎక్కి చూపించాలి, మీటరు రీడింగు తీయాలి, సైకిలు తొక్కాలి. ఎంత చదివినవాడైనా స్తంభం సగంలో చేతులు వణికితే అంతే సంగతులు. అటు ఐటీఐ ఒక్కటే ఉన్నవాడు పంచాయతీ కార్యదర్శి కాలేడు. నోటిఫికేషన్‌లో అర్హత గడి ఏం చెబితే అదే. అందులో హోదా లెక్కలు చెల్లవు. చేరబోయే కోర్సు ఎంచుకునేముందు గడిచిన నాలుగైదేళ్ల నోటిఫికేషన్లు తీసి ఆ గడి చదివే ఇళ్లు ఎన్నున్నాయి?

అపోహ: ఐటీఐలో చేరితే పై చదువుకి దారి మూసుకుపోయినట్టే.

మూసుకుపోదు. రెండేళ్ల ఐటీఐ పాసైనవాళ్లు బ్రిడ్జి కోర్సు, పరీక్ష దాటి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈ దారిలో వచ్చి ఇంజినీర్లయినవాళ్లు కాకినాడ, రాజమండ్రి కాలేజీల్లో ఏటా కనిపిస్తారు. వర్క్‌షాపులో చేయి తిరిగి ఉండటం వల్ల ల్యాబుల్లో వాళ్లే ముందుంటారని అధ్యాపకులు అనడం వింటూనే ఉంటాం. జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) ద్వారా ఐటీఐ చదువుకి క్రెడిట్ తీసుకుని, మిగిలిన పేపర్లు రాసి ఇంటర్ స్థాయి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు 2016 నుంచి ఉంది. ఆపైన ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ చదవొచ్చు. దారి కాస్త చుట్టుతిరుగుడు. మధ్యలో సంపాదించుకుంటూ నడవొచ్చు.

అపోహ: మూడు నెలల స్కిల్ కోర్సు కూడా ఐటీఐ లాంటిదే.

కాదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన లాంటి పథకాల కింద నడిచే చిన్న కోర్సులు ఓ పని తొందరగా పట్టుకోవడానికి పనికొస్తాయి. ఐటీఐ అడిగే నోటిఫికేషన్‌కి ఆ సర్టిఫికెట్ జతచేస్తే పక్కన పడేస్తారు.

అపోహ: అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ ఫ్రీ అట, అది మన డిగ్రీ కాలేజీ లాంటిదే.

మనవాళ్లు డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్లో చెప్పే మాటల్లో ఇదొకటి. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారిపోవచ్చు. అదే కాలేజీలో, అదే కప్పు కింద వెల్డింగు, నర్సింగు, కార్ల మరమ్మతు కూడా నేర్పుతారు. టెనెసీ రాష్ట్రం 2015లో హైస్కూలు దాటిన పిల్లలకి కమ్యూనిటీ కాలేజీ ఫీజు భారం తీసేసినప్పుడు, ఆ సాయాన్ని సాంకేతిక వృత్తి కాలేజీలకీ వర్తింపజేసింది. "ఫ్రీ కాలేజీయా, వృత్తి శిక్షణా" అని మనం పెట్టే పోటీ అక్కడ అంత సూటిగా నిలవదు. మన దగ్గరా యూజీసీ 2013లో కమ్యూనిటీ కాలేజీ పథకం, 2014లో బీవొకేషనల్ డిగ్రీ తెచ్చింది. బీవొకేషనల్‌లో ఏడాదికే మానేస్తే డిప్లొమా, రెండేళ్లకి అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ ఇస్తారు. ఆలోచన మంచిదే. ఊళ్లో పదిమందినడిగితే దాని పేరు విన్నవాళ్లు ఇద్దరుంటే గొప్ప.

అపోహ: మామూలు డిగ్రీ శుద్ధ దండగ.

ఐటీఐని వెనకేసుకొచ్చే ఉత్సాహంలో కొందరు ఈ చివరికి పోతారు. కేంద్రం చేసే లేబర్ ఫోర్స్ సర్వేల్లో, తక్కువ చదివినవాళ్లకంటే డిగ్రీ చదివినవాళ్లలోనే నిరుద్యోగ శాతం ఎక్కువని కనిపిస్తున్న మాట నిజం. ఆ అంకెలో ఓ మెలిక ఉంది. ఇంటి దన్నున్న పట్టభద్రుడు నచ్చిన ఉద్యోగం కోసం ఆగుతాడు, సర్వే అతన్ని నిరుద్యోగి అని రాసుకుంటుంది. పూట గడవనివాడు ఏదో ఒక పనికి పోతాడు, వాడు ఉద్యోగి లెక్కలోకి వెళ్లిపోతాడు. కూలి ఎంతన్నది ఆ శాతంలో కనపడదు.

గ్రూప్-2కీ, బ్యాంకు క్లర్కు నుంచి పీఓ దాకా పరీక్షలకీ ఏ డిగ్రీ అయినా చాలు. బీఈడీ చేసి టీచరు కావాలన్నా, ఐసెట్ రాసి ఎంబీఏ, ఎంసీఏకి వెళ్లాలన్నా డిగ్రీ లేకుండా కుదరదు. లెక్కలతో బీఎస్సీ చదివినవాళ్లకి ఈసెట్‌లో కూడా చోటుంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పీఆర్ కాలేజీ, ఆడపిల్లలకి ఏఎస్‌డీ కాలేజీ, ఇలాంటి సర్కారు కాలేజీల్లో రెగ్యులర్ అధ్యాపకులూ ల్యాబులూ లైబ్రరీలూ ఉన్నాయి. వీటిని వదిలి సందులో మేడ మీద నడిచే ప్రైవేటు కాలేజీలో, అదీ రీయింబర్స్‌మెంటు వస్తుందని చేర్చడం చూస్తే ఒళ్లు మండుతుంది.

2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలోకి పది నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. కాగితం మీద చూస్తే డిగ్రీకీ వృత్తి శిక్షణకీ ఉన్న గోడలో ఓ కిటికీ తెరిచినట్టే. ఏదో ఓ షాపులో స్టాంపు వేయించుకుని రిపోర్టు ఇచ్చేస్తే మాత్రం ఆ పది నెలలూ గాలికి పోయినట్టే. కాబట్టి డిగ్రీలో చేరేముందు ఆ కాలేజీ మూడో ఏడాది పిల్లలని ఇద్దర్ని పట్టుకుని, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, రోజూ వెళ్లారా, అక్కడ మీచేత ఏం చేయించారు అని అడగండి.