ముక్కు వెంట రక్తం

పిల్లవాడికి ముక్కు వెంట రక్తం వస్తే మన ఇళ్లలో పెద్దగా కంగారుపడరు. "వేడి చేసింది" అని నెత్తిన చన్నీళ్లు చరిచి, సబ్జా గింజలు నానబెట్టి తాగిస్తారు. చాలాసార్లు రక్తం దానంతటదే ఆగిపోతుంది కూడా.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా పక్కింటి కుర్రవాడికి అలా ఆగలేదు. వాడికి పదిహేనేళ్లు. ఆరునెలలుగా కుడి ముక్కు బిగుసుకుపోయి ఉన్నది. రక్తం వచ్చినా ఆ పక్కనుంచే. "చలువ చేస్తే తగ్గుతది సార్" అన్నది వాళ్లమ్మ. సంక్రాంతి చలిలో వేడేమిటని నాకు అనుమానం. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యం నాకేం తెలుసు? అయినా ముగ్గురం ఎల్.బి.నగర్ దాకా బస్సులో వచ్చి, అక్కడ మెట్రో ఎక్కి, నగరంలో ముక్కు డాక్టరుగారొకరి దగ్గరకు వెళ్లాం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "రెండు పక్కలా, ఒక పక్కేనా?"

అసలు కీలకం ఇక్కడే ఉన్నది. పడిశమైనా, ఎలర్జీ అయినా మామూలుగా రెండు పక్కలా బాధిస్తుంది. ఎప్పుడూ ఒకే పక్క ముక్కు మూసుకుపోవడం, అటునుంచే రక్తం రావడం, చెంప తిమ్మిరెక్కడం, పైపన్ను కదలడం, కన్ను ముందుకు పొడుచుకురావడం - వీటిలో ఏది కనిపించినా లోపల కంతి ఉన్నదేమో చూడవలసిందే. (మరీ పసివాళ్లయితే శనగగింజో బలపం ముక్కో దూర్చుకుని ఉంటారు. అది వేరే కథ!) చెంపల్లో, నుదుట, కళ్ల నడుమ ఉండే గాలిగదులనే సైనస్‌లంటారు. 2021లో నల్ల ఫంగస్ వచ్చి, కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి రోగులతో నిండిపోయినప్పుడు ఈ మాట ఇంటింటా వినిపించింది. ఖాళీ గదులు గనుక కంతి అక్కడ చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది.

నాలుగు మిల్లీమీటర్ల ఎండోస్కోపు గొట్టంతో చూస్తే ముక్కు వెనక నున్నగా, ఎర్రగా ఒక ముద్ద. "ముక్క తీసి పరీక్షకు పంపుతారా?" అన్నాను, తెలిసినవాడిలాగా. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. ఇది ఏంజియోఫైబ్రోమా. అరుదైనది, దాదాపు ఎప్పుడూ ఎదిగే వయసు మగపిల్లలకే వస్తుంది. కాన్సరు కాదు, కాని నిండా రక్తనాళాలే. ముక్క కోస్తే రక్తం ఆపడం కష్టం. అందుకని స్కానింగులతోనే నిర్ణయిస్తారట. ఆపరేషనుకు ఒకటి రెండు రోజుల ముందు తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, కంతికి రక్తం అందించే నాళాలను మూసేస్తారు. ఆ తరువాత ముక్కులోంచే కంతిని తీస్తారు. పూర్వమైతే ముక్కు పక్కన ముఖం కోయవలసి వచ్చేది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ అనే వైద్యుడు ముక్కు లోపలి దారులను ఎండోస్కోపుతో పరిశీలించి 1978లో పుస్తకం ప్రచురించాడు. ఈ పద్ధతి వ్యాపించింది ఆ తరువాతనే. కంతి మెదడు దాకా పాకితే మాత్రం ఇప్పటికీ పెద్ద ఆపరేషనే.

పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లలో కాన్సరు కావచ్చు గనుక, స్కానింగు చూసుకుని ముక్క తీసి పరీక్షించక తప్పదు. ఇంగ్లండులో హై వికంబ్ అనే ఊళ్లో కుర్చీలు, బల్లలు చేసే పనివాళ్లకు ముక్కు కాన్సరు ఎక్కువగా వస్తున్నదని 1960ల్లో అక్కడి వైద్యులు గమనించారు. కారణం చెక్కపొడి. మా వీధిలో కొత్త ఇళ్లకు తలుపులు చిత్రిక పట్టే వడ్రంగులకు ఈ మాట చెప్పాను. ఒకతను నవ్వి, తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాడు. అది చాలదు, మంచి మాస్కే కావాలి.

కుర్రవాడికి ఆపరేషను అయింది. ముఖం మీద గాటు లేదు. కంతి మళ్లీ పెరిగే అవకాశం ఉన్నదని కొన్నేళ్లపాటు స్కానింగుకు రమ్మన్నారు. వాళ్లమ్మ సబ్జా నీళ్లు మానలేదు. డాక్టరుగారు కూడా వద్దనలేదు.