వెన్న శాతము – పాలలోని సూక్ష్మజీవులు

"మా గేదె పాలకు 7 శాతం వెన్న వస్తున్నది, ఇటువంటి పాలు తొందరగా పులియవు" అనే మాట కేతేపల్లి వైపు సంఘాలలో మేము తరచు వింటుంటాము. ఇది సరికాదు. ఎందుకో చీజును చూస్తే బాగా తెలుస్తుంది. (దీనిని పుస్తకాలలో జున్ను అంటారు గాని, ముర్రుపాలతో మనం వండుకునే జున్ను వేరు.)

పాలలో తోడు సూక్ష్మజీవులను వేసి, రెన్నెట్‌తో గడ్డ కట్టించి, నీరు తీసి, ఉప్పు కలిపి, చల్లని గదిలో నెలల తరబడి మాగబెడితే చెడ్డార్ చీజు అవుతుంది. ఆ సూక్ష్మజీవుల ఆహారం పాలలోని చక్కెరే గాని వెన్న కాదు. అయినా గడ్డలో అవి వెన్న బిందువుల అంచులనే ఎక్కువగా చేరతాయి. వెన్న తీసిన పాలతో చేస్తే గడ్డలో నీరు ఎక్కువ నిలిచి, వేసిన ఉప్పు పలచబడుతుంది. అప్పుడు అక్కరలేని సూక్ష్మజీవులకూ సందు దొరుకుతుంది. వెన్న మరీ ఎక్కువైనా గడ్డ మెత్తనై, వెన్న విరుగుడు నీటిలో పోతుంది. అందుకే చెడ్డార్ పాలలో కేసీనుకు, వెన్నకు నిష్పత్తి సుమారు 0.7 ఉండేటట్లు చూస్తారు.

అంటే సూక్ష్మజీవులను వెన్న చంపదు. మన క్యానులోనూ అంతే. సరిగా కడగని క్యానులో, ఎండాకాలం, 7 శాతం పాలు కూడా పులుస్తాయి. వెన్న పరీక్ష ధర కట్టడానికి మాత్రమే. సూక్ష్మజీవుల సంగతి మిథిలీన్ బ్లూ పరీక్షలో తెలుస్తుంది: నీలిరంగు ఎంత త్వరగా పోతే అవి అంత ఎక్కువ. కనుక పాత్రలను వేడినీటితో కడిగి బోర్లించండి, పితికిన వెంటనే పాలు సంఘానికి చేర్చండి.