ధూళి చాటు శిశు నక్షత్రాలు

నక్షత్రాలు దట్టమైన వాయు ధూళి మేఘాలలో జన్మిస్తాయి. ఆ ధూళి కాంతిని అడ్డగిస్తుంది గాని రేడియో తరంగాలను అడ్డగించలేదు. అందుచేతనే శిశు నక్షత్రాల పరిశీలనకు రేడియో దూరదర్శిని అవసరమైంది.

భారతదేశంలో ఈ విద్య ఎదుగుదలకు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఒక తొలి మెట్టు. అక్కడి యువ శాస్త్రజ్ఞుడు గోవింద్ స్వరూప్ 1953లో ఆస్ట్రేలియా వెళ్లి శిక్షణ పొందారు. అక్కడ ఇక వాడబోని ఆరడుగుల డిష్ ఏంటెనాలు 32, ఆయన చొరవతో ఢిల్లీకి కానుకగా వచ్చాయి. 1965లో అవి బొంబాయి చెంతనున్న కల్యాణ్‌లో సూర్యుని పరిశీలనకు వినియోగపడినాయి. ఆ అనుభవం ఊటీ దూరదర్శినికి, అటుపై పుణె ప్రాంతంలో 45 మీటర్ల వ్యాసంగల 30 ఏంటెనాల నిర్మాణానికి దారితీసింది.

వృషభరాశిలో, 400 కాంతి సంవత్సరాలకు పైబడిన దూరాన, డి.జి. టౌరి అనే శిశు నక్షత్రమున్నది. దాని నుండి వెలువడే వాయుధార పరిసర వాయువును ఢీకొంటుంది. వేడి వాయువు వెలువరించే రేడియో తరంగాలు తక్కువ పౌనఃపున్యంలో క్షీణిస్తాయి. కాంతివేగానికి చేరువైన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ వెలువరించేవి అక్కడే బలపడతాయి. పుణె ఏంటెనాలు 325, 610 మెగాహెర్ట్జ్‌ల వద్ద ఈ రెండవ రకపు ఆనవాలునే పట్టుకొన్నాయి. ఆ ఫలితాలు 2014లో వెలువడినాయి.

సూర్యునివంటి సామాన్య నక్షత్రం సైతం బాల్యంలో కణాలను అంతటి వేగానికి తరుమగలదని ఇవి సూచిస్తున్నాయి. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం మన సూర్యుడు గడిపిన బాల్యం కూడ ఇట్టిదే కావచ్చును.