ర్యాప్ పత్రికకు పేజీ కడతారా?

పాటంటే ప్రాణం. డిజైనంటే ఇష్టం. కానీ రెజ్యుమెలో చూపించడానికి ఏమీ లేదు. మీ పరిస్థితి ఇదేనా? అయితే 8 పేజీల హిప్‌హాప్ పత్రిక ఒకటి సొంతంగా తయారుచేసి చూడండి. పేజీ డిజైనర్‌కి కావాల్సిన పని మొత్తం అందులోనే ఉంది.

‘గల్లీ బాయ్’ సినిమా చూసి బయటికొచ్చాక మనమూ మైకు పట్టుకుంటే బాగుండునని చాలామందికి అనిపించి ఉంటుంది. హిప్‌హాప్ అంటే మైకొక్కటే కాదు. డీజే, ర్యాప్, బ్రేక్‌డ్యాన్స్‌తో పాటు గ్రాఫిటీ కూడా అందులో భాగమే. గ్రాఫిటీ అంటే గోడల మీద, రైలు పెట్టెల మీద రంగులతో అక్షరాలు గీయడం. అక్షరం ఆకారానికి ఇంత విలువిచ్చిన సంగీతం ఇంకోటి దొరకడం కష్టం. అందుకే లేఅవుట్ నేర్చుకునేవాళ్లకి ఇది మంచి సబ్జెక్ట్.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ‘హిప్‌హాప్ పత్రికకు డిజైనర్ కావలెను’ అనే ప్రకటన కోసం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కాచుకుని కూర్చుంటే లాభం లేదు. అమెరికాలో పేరున్న ర్యాప్ పత్రికలే అచ్చు తగ్గించుకుని ఆన్‌లైన్‌కి మళ్లాయి. మరెందుకీ తంటా అంటారా? ఇలాంటి పత్రికలో ఫొటోలు ఎక్కువ, ఇంటర్వ్యూలు పొడవు, శీర్షికలు పెద్దవి, రంగులు ముదురు. అన్నీ ‘నన్ను చూడు, నన్ను చూడు’ అని అరుస్తుంటాయి. వాటిలో దేన్ని ముందు చూపించాలి, దేన్ని ఆగమనాలి అని తేల్చడమే లేఅవుట్. ఈ గోలలో పేజీ నిలబెట్టగలిగితే వార్తాపత్రిక అయినా, పాఠ్యపుస్తకం అయినా, కంపెనీ వార్షిక నివేదిక అయినా మీకు కొత్తగా అనిపించదు.

ఒక్క కార్డుతో మొదలు

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతం, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. పాటలు వేసింది ఆమె అన్న డీజే కూల్ హెర్క్. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ రోజునే. దానికి ఆహ్వానపత్రం ఏమిటనుకున్నారు? చిన్న ఇండెక్స్ కార్డుల మీద చేత్తో రాసిన నాలుగు ముక్కలు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎవరు. అంతే.

ఆ తర్వాత పార్టీలు పెరిగాయి, పోటీ పెరిగింది. ఫ్లయర్లు గీసేవాళ్లు వచ్చారు. గ్రాఫిటీలో పేరున్న ఫేజ్ 2, ‘ఫ్లయర్ల రాజు’ అని పిలిపించుకున్న బడ్డీ ఎస్క్వైర్ ఆ తరంవాళ్లే. అప్పటికి టేబుల్ మీద కంప్యూటర్ లేదు. రుద్దితే కాగితానికి అంటుకునే లెట్రాసెట్ అక్షరాలు, కత్తెర, జిగురు, జెరాక్స్ మెషిన్. అవే వాళ్ల సాఫ్ట్‌వేర్. బడ్డీ ఎస్క్వైర్ గీసిన ఫ్లయర్లు ఇవాళ కోర్నెల్ యూనివర్సిటీ హిప్‌హాప్ సేకరణలో భద్రంగా ఉన్నాయి.

1988లో హార్వర్డ్ విద్యార్థులు డేవిడ్ మేస్, జాన్ షెక్టర్ కలిసి ‘ది సోర్స్’ మొదలుపెట్టారు. తొలి రూపం పెద్ద పత్రికేమీ కాదు, ఒక చిన్న న్యూస్‌లెటర్. తర్వాత అది న్యూయార్క్ చేరి ర్యాప్‌కి పెద్ద దిక్కయింది. ఆల్బమ్‌లకు అది ఇచ్చే ‘5 మైకుల’ రేటింగ్ కోసం ర్యాపర్లు ఎదురుచూసేవాళ్లు. ఆ తర్వాత సంగీత దర్శకుడు క్విన్సీ జోన్స్ చొరవతో ‘వైబ్’ వచ్చింది. 1997లో ‘ఎక్స్‌ఎక్స్‌ఎల్’ మొదలైంది.

ఈ కథలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. వీళ్లలో చాలామంది ఎవరో ఉద్యోగం ఇచ్చాక పేజీ చేయలేదు. చేతిలో ఉన్నదాంతో ముందు పేజీ చేశారు. ఫ్రెషర్‌గా మీరు చేయాల్సిందీ అదే.

ముందు పెన్సిల్.. తర్వాతే మౌస్

మీ కాలేజీ ఫెస్ట్‌లో ర్యాప్ చేసిన కుర్రాడితో ఇంటర్వ్యూ చేశారనుకుందాం. మ్యాటర్ 900 మాటలు వచ్చింది. ఫొటోలు 40 ఉన్నాయి. ఇచ్చింది 4 పేజీలు. ఎక్కడ మొదలుపెడతారు?

చాలామంది సాఫ్ట్‌వేర్ తెరిచి ఫాంట్లు వెతకడం మొదలుపెడతారు. అక్కడే దెబ్బతింటారు. ముందు మ్యాటర్ మొత్తం చదవండి. ఆ కుర్రాడు చెప్పినదాంట్లో మిమ్మల్ని ఆపిన వాక్యం కింద గీత పెట్టండి. పేజీ మధ్యలో పెద్ద అక్షరాల్లో వేసే పుల్ కోట్ అదే అవుతుంది. చదవకుండా పేజీ కట్టే డిజైనర్ ఏ మాట పెద్దది చేయాలో ఇంకొకరిని అడగాల్సి వస్తుంది.

తర్వాత తెల్లకాగితం మీద అగ్గిపెట్టె సైజులో డబ్బాలు గీసి పది రకాల డమ్మీలు వేయండి. ఫొటో ఉన్నచోట ఇంటూ గుర్తు, మ్యాటర్ ఉన్నచోట అడ్డగీతలు, హెడ్డింగ్ ఉన్నచోట లావు గీత. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. మొదటి మూడూ అందరూ వేసేవే వస్తాయి. ఏడు, ఎనిమిది దగ్గర అసలు ఆలోచన మొదలవుతుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లండి. ముందు గ్రిడ్ వేసుకోండి. పేజీని సమానమైన నిలువు భాగాలుగా, అంటే కాలమ్‌లుగా విడగొట్టే కనిపించని గీతలే గ్రిడ్. పాటలో బీట్ లాంటిది ఇది. ర్యాపర్ ఎంత వేగంగా పాడినా బీట్ మీదే నిలబడతాడు. మీ హెడ్డింగ్ ఎంత వంకరగా ఉన్నా, ఫొటో అంచు దాటిపోయినా, కింద మ్యాటర్ గ్రిడ్ మీద నిలబడితే చదివేవాళ్ల కన్ను తడబడదు. 6 కాలమ్‌ల గ్రిడ్‌తో మొదలుపెట్టండి. రెండేసి కలిపితే 3 కాలమ్‌లు, మూడేసి కలిపితే 2 కాలమ్‌లు అవుతాయి.

మ్యాటర్ పోశాక 12 లైన్లు మిగిలిపోయాయనుకోండి. ఫాంట్ సైజు అర పాయింట్ తగ్గించేస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. ఆ పని చేయకండి. ఒక పేజీలో అక్షరం చిన్నదై పక్క పేజీలో పెద్దగా ఉంటే పాఠకుడికి కారణం తెలియకపోయినా ఇబ్బంది తెలుస్తుంది. ఫొటో కాస్త తగ్గించండి. లేదంటే ‘సార్, 12 లైన్లు కట్ చేయాలి’ అని సబ్ ఎడిటర్‌ని అడగండి. అలా అడగడం కూడా ఉద్యోగంలో భాగమే.

ముఖం మడతలో పడితే?

1998లో ‘ఎక్స్‌ఎక్స్‌ఎల్’ పత్రిక కోసం గోర్డన్ పార్క్స్ ఒక ఫొటో తీశారు. న్యూయార్క్ హార్లెంలో ఒక ఇంటి మెట్ల దగ్గర 170 మందికి పైగా హిప్‌హాప్ కళాకారులు ఒకేచోట నిలబడ్డారు. అదే చోట 1958లో ఆర్ట్ కేన్ 57 మంది జాజ్ సంగీతకారులతో తీసిన ఫొటోకి ఇది ప్రతిరూపం.

ఆ ఫొటో మీ టేబుల్ మీదకొస్తే ఎలా వేస్తారు? అర పేజీలో వేస్తే ముఖాలు నువ్వుగింజలవుతాయి. ఎదురెదురు పేజీలు రెండింటినీ కలిపి, అంటే స్ప్రెడ్‌గా వేస్తే పెద్దదవుతుంది. కానీ మధ్యలో మడత ఉంటుంది. దాన్ని గట్టర్ అంటారు. మడత దగ్గర నిలబడిన మనిషి ముఖం అందులోకి పోతుంది. ఫొటోని పక్కకి జరపాలా, కొంచెం కత్తిరించాలా? కత్తిరిస్తే చివర నిలబడ్డవాళ్లు పోతారు. వాళ్లు ఎవరో తెలియకుండా కత్తిరించారో, మర్నాడు ఆఫీసులో మీకు అక్షింతలే. క్యాప్షన్‌లో పేర్లూ అంతే. ర్యాపర్లు పేర్లను కావాలనే వింత స్పెల్లింగ్‌తో రాసుకుంటారు. మీరు ‘సరిదిద్దితే’ అది తప్పవుతుంది.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. అచ్చుకి ఫొటో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ నుంచి దించుకున్న 1080 పిక్సెళ్ల వెడల్పు ఫొటో అచ్చులో 9 సెంటీమీటర్లకు మించి బాగా రాదు. ఏ4 పేజీ నిండా వేయాలంటే సుమారు 2550 × 3580 పిక్సెళ్లు కావాలి. కాబట్టి ఫొటోగ్రాఫర్ నుంచి ఒరిజినల్ ఫైలు అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.

తెలుగులో చేస్తే..

అమెరికా ర్యాప్ పత్రికల హెడ్డింగుల్లో ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల హోరు కనిపిస్తుంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. గట్టిగా చెప్పాలంటే మందం, సైజు, ఖాళీ జాగా.. ఈ మూడే మన చేతిలో ఉన్నాయి. ఇంగ్లిష్ పేజీని చూసి మక్కీకి మక్కీ దించితే అందుకే కుదరదు.

తెలుగులో కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. లైన్ల మధ్య దూరం తక్కువైతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. 10.5 పాయింట్ల అక్షరానికి 15 పాయింట్ల లీడింగ్‌తో మొదలుపెట్టి, ప్రింట్ తీసి చూసి సరిచేసుకోండి. పేరా మొదట్లో పెద్ద అక్షరం వేస్తే ‘స్త్రీ’ లాంటి అక్షరం ముక్కలు కాకుండా మొత్తం పెద్దదయ్యేలా చూడండి.

రామభద్ర, మండలి, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. హెడ్డింగ్‌కి రామభద్ర, మ్యాటర్‌కి మండలి వాడి చూడండి. ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ ఎంచుకోకపోతే ఒత్తులు విడివిడిగా పడతాయి. పాత డీటీపీ సెంటర్లలో మ్యాటర్ అను ఫాంట్లలో ఉంటుంది. యూనికోడ్‌కి మార్చాక ప్రూఫ్ మళ్లీ చదవాల్సిందే. ఇన్‌డిజైన్ కొనలేకపోతే స్క్రైబస్ ఉచితం. తెలుగు మ్యాటర్ అయితే ముందు ఒక పేరా వేసి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకుని ముందుకెళ్లండి.

నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు హిప్‌హాప్‌కి నప్పుతాయి. అయితే సన్నటి తెలుగు అక్షరాలు అలా వేస్తే అచ్చులో సిరా పాకి సున్నాలూ ఒంపులూ పూడుకుపోతాయి. నల్ల పేజీని హెడ్డింగ్‌కి, పుల్ కోట్‌కి ఉంచండి. పొడవాటి మ్యాటర్‌ని తెల్ల పేజీ మీదే వేయండి.

రెండు ఏ3 కాగితాలు చాలు

ఇక మీ 8 పేజీల పత్రిక. రెండు ఏ3 కాగితాలు తీసుకుని ఒకదాంట్లో ఒకటి పెట్టి మడవండి. 8 పేజీల ఏ4 పుస్తకం వస్తుంది. పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసి విప్పి చూడండి. 8, 1 ఒకే వైపు పక్కపక్కనే ఉంటాయి. దాని వెనక 2, 7. రెండో కాగితం మీద 6, 3. దాని వెనక 4, 5. మడిచి పిన్ కొట్టే పత్రికల్లో పేజీలు నాలుగు చొప్పునే ఎందుకు పెరుగుతాయో ఇప్పుడు అర్థమైందిగా. ఇంకోటి కూడా గమనించండి. 4, 5 పేజీలు ఒకే కాగితం. మిగతా స్ప్రెడ్‌లన్నీ రెండు వేర్వేరు కాగితాలు కలిసినవి, కాస్త అటూ ఇటూ జరగొచ్చు. కాబట్టి రెండు పేజీల పెద్ద ఫొటో 4, 5ల్లోనే వేయండి.

పేజీల పంపకం ఇలా చేసుకోవచ్చు. 1 కవర్, 2 విషయసూచిక, 3 చిన్న వార్తలు, 4 నుంచి 6 వరకు ఇంటర్వ్యూ, 7 ఆల్బమ్ సమీక్షలు, 8 ప్రకటన. నెట్‌లో దొరికిన ఫొటోలు, పాటల సాహిత్యం వాడొద్దు. మీ ఊళ్లో డ్యాన్స్ చేసే కుర్రాళ్లనో, ర్యాప్ రాసుకునే స్నేహితురాలినో అడిగి ఫొటోలు తీసుకోండి. అలాగైతే మీ పత్రిక ఇంకెవరి దగ్గరా ఉండదు.

ప్రెస్‌కి పంపేముందు నాలుగు చూసుకోండి. ఫొటోలు సీఎంవైకే రంగుల్లో ఉన్నాయా? పేజీ అంచు దాకా వెళ్లే ఫొటోకి చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ ఉందా? మ్యాటర్ ఒట్టి నలుపులోనే ఉందా? పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయా?

చదువు.. కొలువు

ఇంటర్ తర్వాతైతే ఎన్ఐడీ ప్రవేశ పరీక్ష, ఐఐటీ హైదరాబాద్ సహా ఐఐటీల్లో బీడిజైన్‌కి యూసీడ్ ఉన్నాయి. డిగ్రీ, బీటెక్ పూర్తిచేసినవాళ్లు ఎండిజైన్‌కి సీడ్ రాయొచ్చు. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లయిడ్ ఆర్ట్ చదవొచ్చు. ఈ డిగ్రీలు లేనివాళ్లకి తలుపులు మూసేశారని కాదు. పత్రికలు, పుస్తక ప్రచురణ సంస్థలు, పోటీపరీక్షల మెటీరియల్ వేసేవాళ్లు, యాడ్ ఏజెన్సీలు ట్రెయినీలను తీసుకునేటప్పుడు చేసిన పని అడుగుతారు. చాలాచోట్ల కాస్త మ్యాటర్, నాలుగు ఫొటోలు ఇచ్చి అక్కడే పేజీ కట్టమంటారు.

కోర్సుకి వేలు కట్టి, చివరికి కాపీ కొట్టిన సినిమా పోస్టర్లతో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు చాలామంది. ‘ఈ ఫొటోనే ఎందుకు పెద్దది చేశావ్?’ అని అడిగితే వాళ్ల దగ్గర జవాబుండదు. మీ దగ్గరుంటుంది. అందుకే పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన పేజీ పక్కనే పెన్సిల్ డమ్మీలు కూడా పెట్టండి. మొదట ఏమనుకున్నారు, ఎందుకు మార్చారు అన్నది రెండు వాక్యాల్లో రాయండి. పత్రికని అచ్చు వేయించి చేతికివ్వండి. ఎదుటివాళ్లు పేజీ తిప్పుతుంటే మౌనంగా చూడండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ దాటేశారో గుర్తుపెట్టుకోండి. తర్వాతి సంచికలో మార్చాల్సింది ఏమిటో అక్కడే తెలిసిపోతుంది.