షాకిల్ మార్చే ముందు ఒక్క మాట

కొడిమ్యాల పల్లెల్లో వడ్లు కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి పోవాలన్నా, మామిడికాయ జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్‌కు చేరాలన్నా ముందు చెలక బాటలు, గుండ్లు, ఒర్రెలు దాటాలి. ఆ దారిలో బండి బరువు మోసేవి కమాను పట్టీలు. వాటి ఒక కొనను చాసిస్‌కు కలిపే చిన్న ఇనుప ముక్కే షాకిల్. అది తెగిందంటే ఇరుసు పక్కకు జరిగి బండి అదుపు తప్పుతుంది. పైన కూలీలు కూర్చుని ఉంటే ఇక చెప్పేదేముంది!

షాకిల్ పని ఏమిటి?

బరువు పడగానే వంగి ఉన్న కమాను చదునై పొడవు సాగుతుంది. ఒక కొన బిగించి ఉంటుంది కనుక రెండో కొనకు కదిలే చోటు కావాలి. ఉయ్యాలలా ఊగుతూ ఆ చోటిచ్చేది షాకిల్. లోపలి బుష్ అరిగితే పిన్నూ అరుగుతుంది. అప్పుడే చాలామంది 'వేరే రకం వేద్దాం' అంటారు.

ఏయే రకాలున్నాయి?

జారుడు కొన: టిప్పర్లలో చూసే ఉంటారు. పట్టీ కొన బ్రాకెట్‌లో ముందుకూ వెనక్కూ జారుతుంది. బరువుకు గట్టిది. ఖాళీ బండికి మాత్రం చప్పుడెక్కువ. దుమ్ము, ఇసుక చేరితే ఆనే చోటు అరుగుతుంది.

రెండు కీళ్ల షాకిల్: విదేశాల్లో కొండబాటల జీపులకు వాడతారు. గుంతలో చక్రం నేలను వదలదు. దీంతో బరువు మోసే శక్తి మాత్రం పెరగదు.

కాయిల్ స్ప్రింగు: దీనికి షాకిల్ అక్కర్లేదు. 2010 నాటి థార్‌కు వెనక కమాన్లుండేవి, 2020లో వచ్చిన కొత్త థార్‌కు కాయిల్ పెట్టారు. ఇరుసును పట్టి ఉంచే కడ్డీలు వేరే కావాలి. పాత బండికి షెడ్డులో అమర్చే పని కాదిది.

పొడవు షాకిల్: వెనక భాగం ఎత్తు కోసం వేస్తారు. 2 అంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు 1 అంగుళమే, పక్కకు ఊగడం మాత్రం ఎక్కువవుతుంది. లోడు బండికి వద్దే వద్దు. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండి మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డుకుంటుంది.

మీరు చేయాల్సింది

లోడెత్తే బండికి కంపెనీ కొలత షాకిల్, కొత్త బుష్‌లే మేలు. జాకీ ఎత్తి గడ్డపారతో కదిపి చూడండి. లొడలొడమంటే రెండు పక్కలా మార్పించండి. యూ బోల్టులు బిగించుకోండి. గ్రీజు నిపిల్ ఉంటే గ్రీజు కొట్టించండి. రబ్బరు బుష్‌కు మాత్రం మామూలు గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కందెన వేయకుండా మన తాతలు ఎడ్లబండి కట్టలేదు. కోతలకు ముందు ఒక పూట బండికి కేటాయించండి.